రెండేళ్ళ కార్డు

ట్రాయ్, మిషిగన్
5 ఫిబ్రవరి 1989

విమలకి,

అత్తయ్య దీవెనలు. నీ ఉత్తరం అందింది. రెండు పేజీల్లో ఒక్క చుక్క లేదు, కామా లేదు. పదో తరగతిలో నీ కాంపోజిషన్ పుస్తకం మీద ఎంత ఎర్రసిరా ఖర్చు పెట్టానో! అంతా బూడిదలో పోసిన పన్నీరే. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను గానీ అత్తగారిగా ఇంకా సర్వీసులోనే ఉన్నానమ్మాయ్, జాగ్రత్త.

అసలు సంగతికి వస్తాను. నీ కార్డు కాగితాలు వెళ్ళిపోయాయి. నువ్వు సంతకం పెట్టి పంపిన ఫారం మీద రత్నం కూడా సంతకం పెట్టి, ఇద్దరి పేర్లూ ఉన్న బ్యాంకు కాగితాలు, పెళ్ళి ఫోటోలు జతచేశాడు. ఈ చట్టమేవిటో నా బుర్రకి ఎక్కలేదు. పెళ్ళయిన నాలుగు నెలలకే వచ్చావు కాబట్టి నీకు రెండేళ్ళ కార్డే ఇచ్చారట. గడువు తీరే ముందు మూడు నెలల్లో మొగుడూ పెళ్ళాం కలిసి "మాది నిజం కాపురమే బాబూ" అని రాసి పంపుకోవాలట. లేకపోతే కార్డు చెల్లదట! పిఠాపురంలో మూడు ఆదివారాలు గుళ్ళో ప్రకటన చదివించి, ఐదువందల మందికి భోజనాలు పెట్టి చేసిన పెళ్ళికి మళ్ళీ సప్లిమెంటరీ పరీక్ష ఏవిటే?

నువ్వేం బెంగపడకు. దైవాశీర్వాదం గారింట్లో ఆ కాగితాల మీద ప్రార్థన కూడా చేయించాను. ఇక్కడ మన తెలుగు సహవాసానికి ఆయనే పెద్ద. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళ బేస్‌మెంట్‌లోనే ఆరాధన. మన ఊళ్ళో హాల్ టికెట్లయినా, పెన్షన్ కాగితాలైనా పాస్టరు గారు చెయ్యి పెట్టాకే కదా గడప దాటేవి.

నేను అక్టోబరులో ఇంత దూరం వచ్చింది కొడుకూ కోడలూ ఒక బల్ల దగ్గర అన్నం తింటుంటే చూద్దామని. నువ్వు చూస్తే అక్కడ ఆస్పత్రి ల్యాబ్‌లో, వీడిక్కడ కార్ల కంపెనీలో, మధ్య ఆరుగంటల దారి. ఫోను వంటింట్లో ఉంది, మాట్లాడితే వాడికి వినిపిస్తుంది. అందుకే ఉత్తరాలు.

మీ అత్తయ్య,
జ్ఞానమ్మ

*

అరోరా, ఇల్లినాయ్
26 ఫిబ్రవరి 1989

అత్తయ్య గారికి,

విమల వందనాలు. ఈసారి చుక్కలన్నీ పెట్టాను, చూసుకోండి.

ఒక చిన్న సందేహం. కాగితాలు అందినట్టు ఇమ్మిగ్రేషన్ వాళ్ళు రసీదు పంపిస్తారట. మా ల్యాబ్‌లో ఫిలిప్పీన్స్ అమ్మాయికి మూడు వారాల్లో వచ్చింది. అది చూపిస్తే, కొత్త కార్డు వచ్చేదాకా ఉద్యోగానికి ఇబ్బంది లేదు. నాకింకా రాలేదు.

కార్డు ఎప్పుడొస్తుందని అడిగితే తలా ఒక మాట. నాకు గది అద్దెకిచ్చిన శశికళ గారు ఆరు నెలలంటారు. వాళ్ళాయన మోహన్ గారు ఏడాదంటారు. ఆ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఎప్పుడూ ఎంగేజే. ఒకసారి కలిసింది. ఫోన్ ఎత్తినావిడ "చట్టం కొత్తది కదా, మాకూ తెలీదు" అని చాలా మర్యాదగా పెట్టేసింది. ఇక ఎవరిని అడగాలి?

ఆయన్ని పోస్టాఫీసుకి వెళ్ళి రిజిస్టర్ చేసి పంపమని చెప్పాను. ఆ చీటీ ఉందేమో మీరు అడుగుతారా? నేనడిగితే "పంపేశానన్నానుగా" అని మాట మార్చేస్తున్నారు.

ఉంటాను,
విమల

*

ట్రాయ్
20 మార్చి 1989

విమలకి దీవెనలు.

అడిగాను తల్లీ, అడిగాను. అచ్చం వాళ్ళ నాన్నలాగే గయ్యిమన్నాడు. "పంపేశానని దానికి చెప్పాను, ఇప్పుడు నీ చేత కూడా అడిగిస్తోందా? నా మాట మీద ఎవరికీ నమ్మకం లేదా?" అని. వీడెందుకింత ఎగిరాడో నాకు అర్థం కాలేదు. రసీదు అడిగితే రసీదు గురించి చెప్పాలి గానీ నమ్మకం గురించి ఎందుకు?

దైవాశీర్వాదం గారి మేనల్లుడి భార్యకి రసీదే రెండు నెలలకొచ్చిందట. కాబట్టి ఓర్చుకో. 

ఇంకోటి. చెప్పకూడదనుకున్నాను గానీ కడుపులో దాగదు. మొన్న సహవాసంలో ఒకావిడ, పేరెందుకులే, అందరి ముందూ అంది. "కార్డు కోసం కాపురాలు చేసి, అది చేతికి రాగానే పెట్టె సర్దుకునే అమ్మాయిలు ఎక్కువయ్యారు వదినా" అని. నేను ఊరుకుంటానా? "నా కోడలు నా చేతికింద చదువుకుంది, నీ కోడలు సంగతి చూసుకో" అన్నాను. ఆవిడ నోరు మూతపడింది. రత్నం మాత్రం లేచి బయటికి పోయి కారు అద్దం తుడుస్తూ కూర్చున్నాడు.

ఈస్టర్‌కి రా. నువ్వు రాకపోతే నాకేమీ బాగుండదు.

జ్ఞానమ్మ

*

అరోరా
17 ఏప్రిల్ 1989

అత్తయ్య గారికి,

ఈస్టర్‌కి రానందుకు కోపం వచ్చి ఉంటుంది. డ్యూటీ ఉందని చెప్పాను. అబద్ధం. రావాలనిపించలేదు.

శుక్రవారం నా కార్డు గడువు అయిపోయింది. మధ్యాహ్నం పర్సనెల్ ఆఫీసుకి పిలిచి, కొత్త కాగితం తెచ్చేదాకా పనిలో ఉంచలేమన్నారు. ఏడెనిమిది నెలలుగా నేను రక్తం పరీక్షలు చేసిన ల్యాబ్ తలుపు తాళంచెవి తిరిగి ఇచ్చేసి వచ్చాను. ఇప్పుడు నేను ఈ దేశంలో ఉన్నట్టా, లేనట్టా? భార్యనా, కాదా? అత్తయ్యా, నాకేమీ తెలియడం లేదు.

మీకు చెప్పని విషయం ఒకటి ఉంది. మీరు రాకముందు, సెప్టెంబరులో, ఈ ఉద్యోగం మానేసి వచ్చెయ్యమన్నారు ఆయన. పరీక్ష పాసై తెచ్చుకున్నాను, మిషిగన్‌లో దొరికాక మానేస్తానన్నాను. మాటా మాటా పెరిగింది. అప్పుడన్నారు, "నా సంతకం లేకపోతే నువ్వు ఈ దేశంలో ఎన్నాళ్ళుంటావో చూస్తాను" అని. మర్నాడు క్షమించమన్నారు. నేను సరే అన్నాను. కానీ రసీదు రాని ప్రతిరోజూ ఆ మాట నా చెవిలో మోగుతూనే ఉంది. ఆయన అసలు పంపలేదేమో!

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ కవరు పోస్టులో పడటం మీరు కళ్ళారా చూశారా? చూశాననో, చూడలేదనో ఒక్క మాట చాలు.

విమల

*

ట్రాయ్
4 మే 1989

విమలకి దీవెనలు.

నీ ఉత్తరం అందింది. ఉద్యోగం సంగతి విని నాకు అన్నం సహించలేదు. దేవుడు చూస్తూనే ఉన్నాడు, అన్నీ చక్కబడతాయి.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. ఎదురింటి ముసలాయన ఏవో ఎర్రపూలు నాటాడు. చూడ్డానికి బాగున్నాయి గానీ వాసన సున్నా. ఇండియన్ కొట్లో గోంగూర దొరికింది, పచ్చడి చేసి సీసాలో పెట్టాను, ఎవరైనా అటు వస్తే పంపిస్తాను. నాకు మోకాళ్ళ నొప్పి ఎక్కువగా ఉంది. జ్ఞాపకం కూడా ముందులా ఉండటం లేదు. ఎప్పుడు ఏది ఎక్కడ పెట్టానో తెలియదు.

తొందరపడి ఏ నిర్ణయమూ తీసుకోకు.

జ్ఞానమ్మ

*

అరోరా
12 మే 1989

టీచర్ గారికి,

మీరు నా ప్రశ్నకి జవాబు రాయలేదు. అడిగినదానికి కాకుండా పక్కదానికి జవాబు రాస్తే మాకు గుండుసున్నా వేసేవారు, గుర్తుందా? పూల గురించి రాశారు, పచ్చడి గురించి రాశారు, కవరు గురించి ఒక్క ముక్క లేదు. నాకు అర్థమైంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. కన్నకొడుకు తప్పు ఏ తల్లి మాత్రం బయటపెడుతుంది? మిమ్మల్ని నేను తప్పుపట్టను.

మోహన్ గారు నన్ను ఒక లాయరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఇద్దరం కలిసి సంతకం పెట్టి పంపడం ఒక దారి. అది లేనప్పుడు, పెళ్ళి నిజంగానే జరిగింది, నిలవలేదంతే అని చూపించి నేనొక్కదాన్నే అర్జీ పెట్టుకోవడం రెండో దారి. దానికి ముందు విడాకులు తీసుకోవాలి. కాగితం తయారు చేసి ఇచ్చాడు. జూన్ ఒకటో తేదీన సంతకం పెట్టి ఇస్తానన్నాను.

ఆయనకి చెప్పకండి. నేనే చెప్తాను. మీరు నన్ను కోడలిగా కంటే ముందు విద్యార్థినిగా ప్రేమించారు. అది మాత్రం మర్చిపోను.

విమలకుమారి

*

ట్రాయ్
17 మే 1989

నా తల్లీ, విమలా,

సంతకం పెట్టకు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా పెట్టకు. తర్వాత నీ ఇష్టం.

రత్నం ఆ కవరు పంపకుండా దాచలేదు. వాడు నా చేతికిచ్చాడు. జనవరి 29, ఆదివారం పొద్దున. "రేపు పోస్ట్‌మాన్ వస్తే ఇవ్వమ్మా" అన్నాడు. స్టాంపులు అంటించి, సీలు వేసి ఉంది. నువ్వు రిజిస్టర్ చెయ్యమన్నావట, వాడు బద్ధకించాడు. ఆ బద్ధకం ఒప్పుకోలేకే నీ దగ్గర "పంపేశాను, పంపేశాను" అని ఎగిరాడు. నాకిస్తే పంపినట్టే అనుకున్నాడు వెర్రివాడు.

ఆ మధ్యాహ్నం నేను దాన్ని బ్యాగులో పెట్టుకుని దైవాశీర్వాదం గారింటికి తీసుకెళ్ళాను. ప్రార్థన లేకుండా అంత పెద్ద కాగితం పంపడానికి నాకు చేతులు రాలేదు. ఆయన చెయ్యి పెట్టి ప్రార్థించి, ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థన మొదలవుతోంది, ఇది కూడా ప్రార్థన పెట్టెలో ఉంచుదామన్నారు. ఉంచాను. అయ్యాక ఆయనే పోస్టు చేస్తారన్న ధీమాతో నీకు వెళ్ళిపోయాయని రాసేశాను. ఆయనేమో అది నేను రాసుకున్న ప్రార్థన మనవి అనుకున్నారు. మనవులన్నీ అలాగే కవర్లలో పెట్టి అంటిస్తారు ఇక్కడ. అంటించిన కవరు దేవుడిదట, మనుషులు తిప్పి కూడా చూడకూడదట. తిప్పి చూస్తే అవతలివైపు అడ్రసు కనిపించేది!

నువ్వు "కళ్ళారా చూశారా" అని అడిగాకే, పోస్టు చెయ్యడం నేనూ చూడలేదని తట్టింది. ఏప్రిల్ చివరి ఆదివారం వెళ్ళి పెట్టె తీయించాను. అడుగున ఉంది, వాడి చేతిరాతతో. ఎవరికీ చెప్పకుండా తెచ్చి నా సూట్‌కేసులో చీరల కింద పెట్టాను. పదహారు రోజులు పెట్టాను విమలా. నీ ఉద్యోగం పోయిందని తెలిసి కూడా పెట్టాను. పిల్లల చేత తప్పు ఒప్పించి, బెంచీ ఎక్కించి, ముప్ఫై నాలుగేళ్ళు జీతం తీసుకున్నాను. నా వంతు వచ్చేసరికి నోరు పెగల్లేదు. సిగ్గేసింది. భయమేసింది. పైగా నువ్వు నా మౌనానికి వాడిని దోషిని చేస్తావని నాకు తట్టనే లేదు.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. సాయంత్రం వాడిని కూర్చోబెట్టి కవరు చేతిలో పెట్టి అంతా చెప్పాను. లాయరు సంగతి కూడా చెప్పాను, నువ్వు వద్దన్నా సరే. వాడు నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. "ఇన్నాళ్ళూ విమల నేనే పంపలేదనుకుందా?" అన్నాడు. తర్వాత, "నేనూ దాన్ని అనుమానించానమ్మా. కార్డు రాగానే వెళ్ళిపోతుందని, అందుకే అంత తొందరపడుతోందని అనుకున్నాను" అన్నాడు. చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. వాడు ఏడవగా నేను చూసింది వాళ్ళ నాన్న పోయినప్పుడే.

ఇంగ్లీషులో ఒక స్టేట్‌మెంట్ రాసి, సంతకం పెట్టి జత చేశాను. తప్పు పూర్తిగా నాదని, ఏ రోజు ఏం చేశానో వరసగా రాశాను. ఏ ఆఫీసరుకైనా చూపించు. నన్ను పిలిస్తే వచ్చి చెప్తాను. సెప్టెంబరులో వాడన్న మాటకి నువ్వు విడిపోదలిస్తే విడిపో, నేను అడ్డురాను. అది అనకూడని మాటే. పంపని కవరుకి మాత్రం వాడిని శిక్షించకు.

నన్ను క్షమించమని అడిగే మొహం లేదు.

జ్ఞానమ్మ

*

అరోరా
30 మే 1989

అత్తయ్య గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో చింపబోయాను. ఇప్పటికీ కోపంగానే ఉంది. రసీదు లేదని ఫిబ్రవరిలోనే రాశాను కదా! ఒక్క మాట, "నేను ప్రార్థన పెట్టెలో పెట్టాను" అని ఒక్క మాట రాసి ఉంటే నా ఉద్యోగం నాకుండేది. మీ మీద నాకు ఇంత కోపం వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

శనివారం పొద్దున్నే ఆయన వచ్చారు. రాత్రంతా డ్రైవ్ చేసినట్టున్నారు, గడ్డం మాసి ఉంది. శశికళ గారు కాఫీ ఇచ్చి పిల్లల్ని తీసుకుని పార్కుకి వెళ్ళిపోయారు. ఆయన ఆ పాత కవరు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత ఆయనే అడిగారు, "కార్డు వచ్చాక వెళ్ళిపోదామనుకున్నావా?" అని. "లేదు, రాకముందే వెళ్ళిపోదామనుకున్నాను" అన్నాను. ఆయనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాకూ తెలియలేదు.

కొత్త ఫారం నింపాం. ఇద్దరం సంతకాలు పెట్టాం. రెండు ఊళ్ళలో రెండు అడ్రసులు ఎందుకున్నాయో ఆయన రాశారు. ఆలస్యానికి కారణంగా మీ స్టేట్‌మెంట్ పెట్టాం. మూసేలోపు పోస్టాఫీసుకి పరుగెత్తి రిజిస్టర్ చేశాం. లాయరుని అడిగితే, కారణం నచ్చితే తీసుకుంటారు, నచ్చకపోతే లేదు, ఎన్నాళ్ళకి చెప్తారో తనకీ తెలియదన్నాడు. ఇంతకాలం వెళ్ళని కాగితం కోసం ఎదురుచూశాను. ఇకనుంచైనా వెళ్ళినదాని కోసం ఎదురుచూస్తాను.

విడాకుల కాగితం నా దగ్గరే ఉంది. సంతకం పెట్టలేదు, అలాగని పారేయనూ లేదు. ఆయనకి అదే చెప్పాను.

మోకాళ్ళకి నూనె రాసుకోండి.

విమల

*

ట్రాయ్
24 సెప్టెంబరు 1989

విమలకి దీవెనలు.

జూలైలో రసీదు వచ్చి, నిన్ను మళ్ళీ పనిలోకి తీసుకున్నారన్నప్పుడు ఇక్కడ నేను పాయసం వండాను. మొన్న పంతొమ్మిదిన డెట్రాయిట్‌లో ఇంటర్వ్యూ అన్నప్పుడు కూడా వండిపెట్టాను. నువ్వు వస్తావని కొత్త దుప్పటి పరిచాను. గుత్తివంకాయ చేశాను.

రత్నం ఒక్కడే వచ్చాడు. "పాసయిందా?" అన్నాను. "అయిందమ్మా. అక్కడికక్కడే పాస్‌పోర్టులో ముద్ర వేశారు" అన్నాడు. "మరి విమల ఏదిరా?" అంటే, "బస్సుకి టైమైందంది, వెళ్ళిపోయింది" అన్నాడు. అన్నం కలుపుకుని, తినకుండా లేచాడు.

నేను ఏమనుకోవాలో నాకు తెలియడం లేదు. సహవాసంలో ఆ నోరుజారిన మనిషి నన్ను చూసి ఏమీ అనకుండానే అన్నీ అంటోంది. నువ్వు అలాంటిదానివి కాదని నాకు తెలుసు. తెలుసునని చెప్పుకుంటూనే రాత్రి లేచి కూర్చుంటున్నాను. వెళ్ళిపోయి ఉంటే అది నీ హక్కు, ముందే చెప్పాను. నేను అడగను. అక్టోబరు పన్నెండున నా ప్రయాణం. వెళ్ళేలోపు నీ నోటితో తెలిస్తే చాలు, ఏదైనా సరే.

జ్ఞానమ్మ

*

అరోరా
3 అక్టోబరు 1989

అత్తయ్యా,

మీరు అడగనన్నారు గానీ అడిగినట్టే ఉంది. చెప్తాను.

ముందు మీ సంగతి. ఆఫీసరు ఒక పెద్దావిడ. మీ స్టేట్‌మెంట్ మొదటినుంచీ చివరిదాకా చదివి, "ఇది ఎవరు రాశారు?" అంది. ఈయన "మా అమ్మ" అన్నారు. "ఈ ఆఫీసుకి ఇంత చక్కటి ఇంగ్లీషు ఎప్పుడూ రాలేదు" అంది. ఆ తర్వాత నన్ను మా కాపురం గురించి నాలుగు ప్రశ్నలు అడిగి ముద్ర వేసేసింది. తొమ్మిది నెలల నరకం పావుగంటలో అయిపోయింది.

బయటికొచ్చాం. ఈయన కారు తలుపు తీసి "ఇంటికి వెళ్దామా?" అన్నారు. నేను ఎక్కలేదు. ఎందుకో మీకు చెప్తే అర్థమవుతుందో లేదో. నిరుడు సెప్టెంబరులో ఆయనన్న ఆ మాట తర్వాత, ఆ ఇంటికి ఎప్పుడు వచ్చినా, ఫోన్ చేసినా, వంట చేసినా, ఆయన మీద ఇష్టంతో చేస్తున్నానో సంతకం కోసం చేస్తున్నానో నాకే తెలియకుండా పోయింది. ఆయన్ని అనుమానించడం కంటే నన్ను నేను అనుమానించుకోవడం ఎక్కువ కష్టంగా ఉండేది. ముద్ర పడిన గంటలోనే ఆ కారెక్కితే ఇక ఎప్పటికీ తేలదనిపించింది. అందుకే బస్సెక్కాను. మీ గుత్తివంకాయ సంగతి నాకు తెలియదు, తెలిస్తే ఏం చేసేదాన్నో.

రెండు వారాలు ఇక్కడే ఉన్నాను. డ్యూటీకి వెళ్ళాను, వచ్చాను. రమ్మని ఎవరూ అనలేదు, వెళ్ళకపోతే ఏమవుతుందన్న భయమూ లేదు. నిన్న సాయంత్రం ఉన్నట్టుండి ఆయన గొంతు వినాలనిపించింది. ఫోన్ చేసి, ఏం మాట్లాడాలో తెలియక, ఏం తిన్నారని అడిగాను. బీరకాయ మాడ్చారట. మీరు మోకాళ్ళ నొప్పితో పడుకున్నారట. చికాగో చుట్టుపక్కల మూడు కంపెనీలకి అప్లై చేశానని నెమ్మదిగా చెప్పారు. వేసవి నుంచీ చేస్తున్నారట, నాకు చెప్తే ఒత్తిడి చేసినట్టవుతుందని చెప్పలేదట. "సెప్టెంబరు మాట నేనింకా మర్చిపోలేదు" అన్నాను. "నేనూ మర్చిపోలేదు" అన్నారు. లాయరు కాగితం రాత్రే చెత్తబుట్టలో వేశాను.

ఇది క్షమించడమో, అలవాటో, ప్రేమో నాకు తెలియదు అత్తయ్యా. తెలిసింది ఒక్కటే. ఈ దేశంలో ఉండటానికి నాకిప్పుడు ఎవరి సంతకమూ అక్కర్లేదు. అందుకే శుక్రవారం ఇంటికి వస్తున్నాను.

విమల